చివరి స్థానం, ఖాళీ స్టాండ్లు, ఢిల్లీ ప్రయాణం: హైదరాబాద్ ఎఫ్‌సీపై సీమ అభిమానుల చర్చ

పెన్నాతీరం (అనంతపురం)

సభ్యులందరికీ నమస్కారం. మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు మార్చుకొని, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా రాజధానికి తరలిపోయాక మనలో ఎవరూ దాని గురించి కుదురుగా మాట్లాడుకోలేదు. ఒకరిద్దరు పాత ఫొటోలు పెట్టారు, మరికొందరు నాలుగు మాటలు తిట్టి వెళ్లిపోయారు. నాకు మాత్రం ఆ తరలింపు కంటే దానికి ముందు గడిచిన రెండు సీజన్ల మీదే కోపం ఎక్కువగా ఉంది.

2023-24 పట్టికను మరోసారి ముందు పెట్టుకుందాం. 22 మ్యాచ్‌లలో ఒకే ఒక్క గెలుపు, 5 డ్రాలు, 16 ఓటములు. కొట్టిన గోల్స్ 10, సమర్పించుకున్నవి 43. మొత్తం 8 పాయింట్లతో పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. అంతకు ముందు ఏడాది ఇదే జట్టు 42 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచింది, దానికి ముందు ఏడాది ఏకంగా ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచింది. చాంపియన్‌గా నిలిచిన జట్టు రెండేళ్లలో అట్టడుగుకు జారడం ఎక్కడైనా జరగవచ్చు గానీ, జారుతున్నంత సేపూ పట్టుకునే చెయ్యి ఒక్కటీ కనిపించకపోవడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఓడిపోయే జట్టును ఎంతకాలం మోయాలి, మన కోపం ఎవరి మీద ఉండాలి అన్నది నా ప్రశ్న. ఆటగాళ్ల మీదా, యజమానుల మీదా, లీగ్ మీదా? దయచేసి ఒక్క ముక్కలో తేల్చేయకుండా వివరంగా రాయండి.

కంఠీరవ మెట్లు (హిందూపురం)

పెన్నాతీరం గారూ, మీ బాధ అర్థమైంది గానీ, నా మాట కాస్త కటువుగా ఉంటుంది. అనంతపురం నుంచి హైదరాబాద్ 350 కిలోమీటర్ల పైమాటే, బెంగళూరు 200 పైచిలుకు మాత్రమే. మా హిందూపురం నుంచైతే మధ్యాహ్నం భోజనం చేసి బయలుదేరినా మ్యాచ్ వేళకు కంఠీరవ స్టేడియంలో కూర్చోవచ్చు. 2013లో పుట్టిన బెంగళూరు ఎఫ్‌సీ మొదటి సీజన్‌లోనే మరో జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ గెలిచింది, 2018-19లో ఐఎస్ఎల్ కప్పు కూడా అందుకుంది. భాష ఒకటైనంత మాత్రాన అంత దూరంలో ఉన్న జట్టును నెత్తిన పెట్టుకొని, అది ఓడినప్పుడల్లా అన్నం మానేయడం ఎందుకో నాకు ఎన్నడూ బోధపడలేదు. మీ మంచి ఆటగాళ్లలో కొందరు చివరకు మా దగ్గరికే వచ్చారు కదా.

వలసపక్షి (గుత్తి, ప్రస్తుతం హైదరాబాద్)

కంఠీరవ మెట్లు గారూ, ఆ చివరి వాక్యం పుండు మీద కారం చల్లినట్టుంది. అయినా జవాబు చెబుతాను.

నేను ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చినవాడిని. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో మొదటి సొంత మ్యాచ్ 2019 నవంబర్ 2న కేరళ బ్లాస్టర్స్‌తో జరిగింది. అంతకు వారం ముందే కోల్‌కతాలో ఏటీకే చేతిలో 5-0తో చితికిపోయి వచ్చిన జట్టు అది. ఆ రాత్రి మాత్రం 2-1తో గెలిచింది. మార్సెలీనో ఫ్రీకిక్ గోడ మీదుగా వంపు తిరిగి వలలో పడినప్పుడు, పక్కన ఉన్న ముక్కూ మొహం తెలియని మనిషి నన్ను పట్టుకొని గట్టిగా ఊపేశాడు. తరువాత ఆ సీజన్‌లో మరొక్క విజయమే దక్కింది, 18 మ్యాచ్‌లలో 10 పాయింట్లతో ఆఖరి స్థానం. కొత్త జట్టు కదా అని సరిపెట్టుకున్నాం.

అసలు వెలితి ఇక్కడే ఉంది. జట్టు గాడిన పడిన రెండు సీజన్లూ, అంటే 2020-21, 2021-22, కోవిడ్ కారణంగా పూర్తిగా గోవాలోనే జరిగాయి. కోచ్ మానోలో మార్కెజ్ వచ్చి జట్టును నిలబెట్టడం, స్ట్రైకర్ ఓగ్బెచే ఒకే సీజన్‌లో 18 గోల్స్ కొట్టడం, ఇవన్నీ ఖాళీ స్టేడియాల్లో జరిగాయి, మేము టీవీల్లో చూశాం. 2022 మార్చి 20న ఫైనల్ కూడా గోవాలోని ఫతోర్డాలోనే. కాబట్టి గచ్చిబౌలి స్టాండ్లలో కూర్చున్నవాడు కళ్లారా చూసింది నాలుగే సీజన్లు: మొదటిది చివరి స్థానం, రెండోది రెండో స్థానం, మూడోది మళ్లీ చివరి స్థానం, నాలుగోది చివరి నుంచి రెండోది. ‘చాంపియన్లకు అభిమానులే లేరు’ అని జాతీయ టీవీలో వెక్కిరించినవారు ఈ లెక్క ఒక్కసారైనా చూసి ఉంటే బాగుండేది.

ఇక 2023-24 సంగతి. అథ్లెటిక్ స్టేడియం కాబట్టి స్టాండ్‌కూ మైదానానికీ మధ్య పరుగు పందేల ట్రాక్ ఉంటుంది. జనం నిండుగా ఉంటే ఆ దూరం తెలియదు. జనం పలుచబడ్డాక మాత్రం మా గోల్‌కీపర్ డిఫెండర్లను ‘లైన్, లైన్’ అని అరిచే అరుపు పై వరుస దాకా స్పష్టంగా వినిపించేది. వాళ్లు ఎక్కువ మంది కుర్రాళ్లు. మొదటి అరగంట ప్రాణం పెట్టి పరుగెత్తేవారు. ఒక గోల్ పడగానే ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. అది చూస్తూ వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాలేదు.

తాడిపత్రి తొమ్మిదో నంబర్

నేను కొత్త సభ్యుడిని, ఒక చిన్న మాట. నేను మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిని. 2024-25లో మా జట్టు 42 పాయింట్లతో పదిహేనో స్థానంలో మిగిలింది, బిల్బావోలో యూరోపా లీగ్ ఫైనల్‌లో టోటెన్‌హామ్ చేతిలో 1-0తో ఓడింది. అయినా ఓల్డ్ ట్రాఫర్డ్ నిండుతూనే ఉంది. నిజమైన అభిమానం ఓటమిలోనే తెలుస్తుంది. రెండు సీజన్లకే ఇంత గొడవ అవసరమా?

దేవుని కడప

తాడిపత్రి తమ్ముడూ, పోలిక పెట్టే ముందు ఒక తేడా గమనించు. మీ జట్టు ఆటగాళ్లకు జీతాలు సకాలంలో అందుతున్నాయి. మీరు బాగా ఆడని జట్టును చూసి బాధపడుతున్నారు. మేము జీతం అందని జట్టును చూసి బాధపడ్డాం. ఈ రెండూ ఒక గాటన కట్టదగినవి కావు.

నేను లెక్కలు చూసుకొని బతికేవాడిని కాబట్టి ఈ వ్యవహారాన్ని ఆ కోణం నుంచే వివరిస్తాను. ఫిఫా నిబంధనల ప్రకారం ఒక క్లబ్ రెండు నెలల జీతం ఎగ్గొడితే, ఆటగాడు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, కనీసం 15 రోజులు గడువు పెట్టి, అప్పటికీ బకాయి చెల్లించకపోతే ఒప్పందాన్ని రద్దు చేసుకొని వెళ్లిపోవచ్చు. క్లబ్ అతనికి ఇవ్వవలసింది మాత్రం అలాగే మిగిలి ఉంటుంది. ఆ బకాయి చెల్లించమని ఫిఫా ఇచ్చే తీర్పు కూడా అమలు చేయకపోతే కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పడుతుంది. హైదరాబాద్‌కు జరిగింది సరిగ్గా ఇదే. పాతవారికి ఇవ్వవలసిన డబ్బు ఇవ్వలేదు, అందువల్ల నిషేధం వచ్చింది. నిషేధం ఉన్నందున కొత్తవారిని తీసుకోలేకపోయారు. ఉన్నవారికీ జీతాలు ఆలస్యమయ్యాయి, దానితో జనవరి బదిలీల విండోలో ఒక్కొక్కరే సర్దుకొని వెళ్లిపోయారు. విదేశీ ఆటగాళ్లలో చివరి వరకూ నిలబడినవాడు జువావ్ విక్టర్ ఒక్కడే. మిగిలిన ఖాళీలను కుర్రాళ్లతో నింపారు. అప్పటి కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో స్థానంలో మార్కెజ్‌నే తిరిగి కూర్చోబెట్టినా ఆ పరిస్థితిలో అద్భుతాలు జరిగేవి కావు.

కాబట్టి ఆ 43 గోల్స్‌ను డిఫెండర్ల ఖాతాలో రాయడం అన్యాయం. వాటిలో చాలావరకు ఆఫీసు గదిలోనే పడ్డాయి.

ఎడమ వింగర్ (అనంతపురం)

దేవుని కడప అన్న చెప్పినదానిలో తొంభై పాళ్లు ఒప్పుకుంటాను, మిగతా పది పాళ్ల దగ్గర ఆగుతాను. నేను ఇక్కడ ఆర్‌డీటీ స్వచ్ఛంద సంస్థ మైదానాల్లో ఆడుతూ పెరిగినదాన్ని, ఇప్పుడు సాయంత్రాలు ఆడపిల్లలకు శిక్షణ ఇస్తున్నాను. డబ్బు లేకపోవడం ఓటమికి కారణం అవుతుంది గానీ, ప్రతి ఓటమికీ అదే సాకు కాదు.

2024-25ను తీసుకోండి. అప్పటికి యాజమాన్యం మారింది. జట్టును హడావిడిగా కూర్చారు, సన్నాహాలు ఆలస్యంగా మొదలయ్యాయి, అది నిజమే. అయినా అక్టోబర్‌లో కోల్‌కతా వెళ్లి మహమ్మడన్‌ను 4-0తో ఓడించారు. నవంబర్ మొదటి వారంలో కొచ్చి వెళ్లి కేరళను 2-1తో ఓడించారు. అంటే ఆ జట్టుకు ఆట చేతకాకపోలేదు. ఆ రెండు మ్యాచ్‌లలో మిడ్‌ఫీల్డ్ ఒక ముద్దగా కదిలింది, బంతి పోగానే దగ్గర ఉన్న ఇద్దరు వెంటనే మీద పడ్డారు. ఆ తరువాత అదే జట్టు వరుసగా ఓడుతూ పోయింది. డిసెంబర్‌లో కోచ్ వెళ్లిపోయారు, షమీల్ చెంబకత్ తాత్కాలికంగా పగ్గాలు పట్టారు. చివరకు 24 మ్యాచ్‌లలో 18 పాయింట్లు.

నేను గమనించిన ఒక లోపం చెబుతాను, టీవీ రిప్లేల్లో ఎవరైనా చూడవచ్చు. గంట ఆట గడిచాక మా ఫుల్‌బ్యాక్ (అంచున ఆడే డిఫెండర్) దాడికి ముందుకు వెళ్లి, బంతి పోయాక నడుచుకుంటూ వెనక్కి వచ్చేవాడు. అతను వదిలిన ఖాళీని పూడ్చడానికి మధ్యలో కాపు కాసే సెంటర్‌బ్యాక్ పక్కకు జరిగేవాడు, అప్పుడు నడిమధ్యలో తలుపు తెరిచినట్టు దారి ఏర్పడేది. ప్రత్యర్థి క్రాస్ కొట్టవలసిన అవసరం కూడా ఉండేది కాదు, నేలబారుగా ఒక పాస్ వెనక్కి ఇస్తే చాలు. ఇది జీతంతో ముడిపడిన తప్పు కాదు, పన్నెండేళ్ల పిల్లలకు మేము రోజూ నూరిపోసే పాఠం. ‘బంతి పోయిన చోటి నుంచే పరుగు మొదలుపెట్టు’ అని నేను గొంతు పోయేలా అరిచిన మరుసటి రోజే, వృత్తి ఆటగాడు టీవీలో నడుచుకుంటూ వస్తే మా పిల్లలు నా వైపు తిరిగి నవ్వుతారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

కంఠీరవ మెట్లు (హిందూపురం)

అక్కా, ఆ ఫుల్‌బ్యాక్ నడక గురించి మీరు రాసింది అక్షరాలా నిజం. బెంగళూరులో మేము దానిని ఆశగా ఎదురుచూసేవాళ్లం.

బురుజు కింద (కర్నూలు)

పిల్లలూ, మీ చర్చ అంతా చదివాను. వయసు పైబడినవాడిని కాబట్టి కొంచెం వెనక్కి వెళ్లే చనువు తీసుకుంటాను.

హైదరాబాద్ అంటే ఈ దేశం ఫుట్‌బాల్ నేర్చుకున్న ఊరు. సయ్యద్ అబ్దుల్ రహీం 1950లో సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. బొంబాయిలో జరిగిన ఆ పోటీలో అంతకు ముందు ఏ జట్టూ అలా పాతుకుపోలేదు. ఆయన శిక్షణలోనే భారత్ 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దక్కించుకుంది. పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరాం అక్కడి మట్టిలో ఆడి పెరిగినవారే. రహీం 1963లో కన్నుమూశారు. ఆ తరువాత ఆ నగరంలో ఆట ఎలా వెనకబడిందో చెప్పుకుంటే చాలా దూరం పోతాం. మా నాన్నగారి తరం కర్నూలు నుంచి ఫతే మైదాన్‌లో మ్యాచ్ చూడటానికి వెళ్లేదట. నేను ఆ కథలు విని పెరిగాను.

ఆ పోలీసు జట్టులో ఆడినవారు ఆ ఊరి గల్లీల నుంచి వచ్చినవారు. వాళ్లు ఓడినా మరునాడు అదే వీధిలో ఎదురుపడేవారు. తిట్టాలన్నా, మెచ్చుకోవాలన్నా మనిషి ఎదురుగా ఉండేవాడు. హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచిన రాత్రి నేను కూడా టీవీ ముందే కూర్చున్నాను. రాహుల్ గోల్‌తో కేరళ ముందంజ వేసింది, 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాడు. షూటౌట్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. మహదానందం కలిగింది. అయితే ఆ రాత్రి ఆడినవారిలో మన తెలుగు నేల నుంచి వచ్చినవాడు ఎవరని మా మనవడు అడిగితే నా దగ్గర సమాధానం లేదు. తవోరాదీ గోవానే, కట్టిమణిదీ గోవానే. గెలిచినప్పుడు ఈ ప్రశ్న ఎవరికీ గుర్తురాదు. ఓడినప్పుడు మాత్రం మన మనసును కట్టి ఉంచే తాడు ఏమీ లేదని తెలుస్తుంది.

తాడిపత్రి తొమ్మిదో నంబర్

పెద్దాయనా, మాంచెస్టర్ జట్టులోనూ ఆ ఊరివారు కొద్దిమందే. ఆ లెక్కన ఎవరూ ఎవరినీ అభిమానించకూడదు.

బురుజు కింద (కర్నూలు)

బాబూ, కొద్దిమంది ఉండటం వేరు, ఒక్కరూ లేకపోవడం వేరు. పైగా ఆ క్లబ్బు 1878 నుంచి ఆ ఊరిని అంటిపెట్టుకొని ఉంది. మన క్లబ్బు 2019 ఆగస్టులో పుట్టి, 2025 అక్టోబర్‌లో ఊరు మారింది.

వలసపక్షి (గుత్తి, ప్రస్తుతం హైదరాబాద్)

‘పుట్టింది’ అన్నారు గనుక ఒక సంగతి గుర్తు చేయాలి, ఇది మనలో చాలామంది మరిచిపోయారు. హైదరాబాద్ ఎఫ్‌సీ శూన్యం నుంచి రాలేదు. పుణె సిటీ క్లబ్ మూతపడితే, దాని స్థానంలో మనకు జట్టు వచ్చింది. అప్పుడు పుణె అభిమానులు ఏమయ్యారని మనలో ఎవరైనా అడిగామా? అదే 2019లో ఢిల్లీ డైనమోస్ జట్టు భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది, ఢిల్లీ అభిమానులు ఉత్త చేతులతో మిగిలారు. ఇప్పుడు మన జట్టు వెళ్లి ఢిల్లీ ఖాళీని నింపింది. ఈ లీగ్‌లో క్లబ్ అంటే అద్దె ఇల్లు లాంటిది. ఇవాళ మన పేరు గుమ్మం మీద ఉంటుంది, రేపు ఇంకొకరి పేరు ఉంటుంది, గోడకు మేకు కొట్టే హక్కు మనకు ఎన్నడూ లేదు.

ఇది తెలిసి కూడా ఐదారేళ్లు ‘మా జట్టు’ అని గొంతు చించుకున్నాం. మన అభిమాన సంఘం డెక్కన్ లీజియన్ కుర్రాళ్లు జట్టు అడుగున ఉన్న రోజుల్లోనూ డప్పులు తెచ్చేవారు. ఆ పిల్లలకు ఇవాళ ఎవరు ఏమి సమాధానం చెప్పారు?

ఎడమ వింగర్ (అనంతపురం)

లీగ్ మాట వచ్చింది కాబట్టి, నాకు ఎక్కువ బాధ కలిగించిన విషయం ఇప్పుడు చెబుతాను. మన జట్టు 8 పాయింట్లతో అడుగున ఉన్న అదే 2023-24లో, హైదరాబాద్‌లోనే ఇంకొక క్లబ్బు ఉంది, శ్రీనిది డెక్కన్. విశాఖపట్నం పేరుతో మొదలై, హైదరాబాద్ శివార్లలో సొంత మైదానం కట్టుకొని ఆడుతున్న జట్టు. ఐఎస్ఎల్‌కు కింది మెట్టుగా ఉన్న ఐ-లీగ్‌లో అడుగుపెట్టిన తొలి సీజన్‌లో మూడో స్థానం, 2022-23లో రెండో స్థానం, 2023-24లో మళ్లీ రెండో స్థానం. పై లీగ్‌కు వెళ్లే అవకాశం మొదటి స్థానానికి మాత్రమే ఉంటుంది. మొదటిసారి పంజాబ్, రెండోసారి మహమ్మడన్ ఆ మెట్టు ఎక్కాయి.

ఒకవైపు, చివరి స్థానంలో నిలిచినా కింది లీగ్‌కు దిగనవసరం లేని జట్టు. మరోవైపు, రెండుసార్లు రెండో స్థానంలో నిలిచినా పైకి ఎక్కలేని జట్టు. రెండూ ఒకే నగరంలోనివే. దిగిపోతామనే భయం ఉంటే యజమాని జనవరిలో ఆటగాళ్లను అలా వదులుకునేవాడా? ఇంగ్లండ్‌లో, స్పెయిన్‌లో అడుగున ఉన్న జట్ల మ్యాచ్‌లే ఏప్రిల్, మే నెలల్లో ఊపిరి బిగపట్టి చూస్తారు. మనకు ఫిబ్రవరి వచ్చేసరికే సీజన్ చచ్చిపోయేది, మిగిలిన మ్యాచ్‌లు తద్దినం పెట్టినట్టు సాగేవి.

దేవుని కడప

తప్పకుండా. అయితే అమ్మా, ఇంకో వైపు కూడా చూడు. కింది లీగ్‌కు పడిపోతామన్న భయం ఉంటే ఈ లీగ్‌లో పెట్టుబడి పెట్టడానికి కొందరు ముందుకే రారు. టీవీ ఆదాయం తక్కువ, టికెట్ల ఆదాయం ఇంకా తక్కువ, ఖర్చు మాత్రం ప్రతి సంవత్సరం పెరుగుతుంది. యజమానులు చేతి డబ్బు వేసి నడుపుతున్నారు. ఏదో ఒక ఏడాది ఆ చెయ్యి వెనక్కి వెళుతుంది, అప్పుడు జీతాలు ఆగుతాయి. 2025 జులైలో మొత్తం లీగే నిర్వహణ హక్కుల ఒప్పందం తేలక నిలిచిపోయిందని మరచిపోవద్దు. యజమానులను నేను వెనకేసుకురావడం లేదు, జీతం ఎగ్గొట్టినవాడికి నా దగ్గర క్షమాపణ లేదు. ఆ వ్యాపారం మొదటి నుంచీ నిలదొక్కుకునేలా కట్టలేదని మాత్రమే అంటున్నాను.

నిర్వాహకుడు

ఒక సభ్యుడు కొందరు ఆటగాళ్ల రాష్ట్రాల పేర్లు పెట్టి దూషిస్తూ రాసిన సందేశాన్ని తొలగించాను. ఓటమి మీద కోపం రాయండి, మనుషుల పుట్టుక మీద కాదు. చర్చ కొనసాగించండి.

కంఠీరవ మెట్లు (హిందూపురం)

మంచి పని చేశారు. పైన నేను రాసినదానికి ఒక మాట చేరుస్తాను, అది వెక్కిరింతగా మిగలడం నాకు ఇష్టం లేదు. 2023-24లో మీ ఏకైక విజయం చెన్నై వెళ్లి చెన్నైయిన్ మీద 1-0తో సాధించారు కదా. ఆ మ్యాచ్ నేను చూశాను. ఆఖరి విజిల్ ఊదగానే ఆ కుర్రాళ్లు కప్పు గెలిచినట్టు ఒకరి మీద ఒకరు పడ్డారు. జట్టు అడుగునే ఉంది, జీతాల సంగతి దేవుడెరుగు, స్టాండ్‌లో వాళ్ల కోసం వచ్చినవారు ఒక చిన్న గుంపు. ప్రత్యర్థి అభిమానిగా ఉండి కూడా లేచి చప్పట్లు కొట్టాను. మా బెంగళూరు జట్టు కూడా ఆ ఏడాది పదో స్థానంలో ఏడ్చింది కాబట్టి, నాకు అప్పుడు గర్వపడటానికి పెద్దగా ఏమీ లేదు కూడా.

పెన్నాతీరం (అనంతపురం)

అందరికీ కృతజ్ఞతలు. చదివినంత మేరకు నా కోపం ఎవరి మీద ఉండాలో కొంత తేటపడింది. ఆ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. ఎడమ వింగర్ గారు చూపిన ఫుల్‌బ్యాక్ లాంటివారి మీద ఉంది, అది ఏ అభిమానికైనా ఉండే మామూలు కోపం, మరుసటి మ్యాచ్‌లో ఒక మంచి పాస్ ఇస్తే కరిగిపోయేదే. జీతాలు ఆపి, జట్టును విప్పి పంచి, ఒక్క మాట కూడా చెప్పని పాత యాజమాన్యం మీద ఉన్నది వేరే రకం. ఆ రెండు సీజన్లలో మేము కోరింది గెలుపు కాదు. ఏమి జరుగుతోందో ఎవరైనా ఒక పేజీ రాసి, సంతకం పెట్టి ఇవ్వమని మాత్రమే కోరాం. ఆటగాళ్లు వెళ్లిపోయారన్న వార్త కూడా ఎదురు క్లబ్బులు పెట్టే స్వాగత పోస్టర్ల నుంచే మాకు తెలిసేది.

తాడిపత్రి తమ్ముడు అడిగిన ‘రెండు సీజన్లకే ఇంత గొడవా’ అన్నదానికి నా జవాబు ఇది. ఓటములైతే ఇరవై సీజన్లు భరిస్తాం. మా ఊరిలో ఆడే లీగ్ జట్లలో ఎన్నేళ్లుగానో గెలవనివి ఉన్నాయి, వాటి కోసం ఎండలో నిలబడి అరిచేవాళ్లూ ఉన్నారు. అక్కడ ఆటగాడు మన పక్కింటివాడు, కోచ్ మనం అడిగితే నిలబడి జవాబు చెప్పేవాడు.

ఇక మిగిలింది ఒకే ప్రశ్న. ఢిల్లీ జట్టును మనం ఏమని అనుకోవాలి?

వలసపక్షి (గుత్తి, ప్రస్తుతం హైదరాబాద్)

నా మటుకు నేను ఏమీ అనుకోను. ఆ 2022 కప్పు మనది, అది గోవాలో గెలిచినా మనదే, దానిని ఢిల్లీ చరిత్రలో కలిపి రాస్తే ఒప్పుకోను. మిగతాదంతా వాళ్లు తీసుకోవచ్చు, ఆ 43 గోల్స్‌తో సహా.

ఎడమ వింగర్ (అనంతపురం)

43 గోల్స్ ఉచితంగా ఇచ్చేయకండి అన్నా, మా పిల్లలకు పాఠం చెప్పడానికి నాకు వాటి వీడియోలు కావాలి.

దేవుని కడప

నేను ఇకపై శ్రీనిది మ్యాచ్‌లు చూస్తాను. కనీసం సొంత మైదానం ఉన్నవారు రాత్రికి రాత్రి మూట కట్టుకొని పోలేరు కదా అని ఆశ. నా వృత్తి వల్ల వచ్చిన అలవాటు, ముందు ఆస్తుల జాబితా చూస్తాను.

కంఠీరవ మెట్లు (హిందూపురం)

పెన్నాతీరం గారూ, ఆ ఢిల్లీ జట్టు బెంగళూరు వచ్చిన రోజు నాతో రండి. అనంతపురం నుంచి మీరు బయలుదేరితే హిందూపురంలో నేను కలుస్తాను. టికెట్ ఖర్చు నాది, భోజనం మీది.

పెన్నాతీరం (అనంతపురం)

వస్తాను. భోజనం పెన్నా చేపల పులుసైతే ఇంటి నుంచే కట్టించుకొని వస్తాను, స్టేడియంలోకి రానివ్వరు కాబట్టి దారిలోనే ముగిద్దాం. అయితే మీ బెంగళూరు అభిమానుల వెస్ట్ బ్లాక్‌లో నన్ను కూర్చోబెట్టి నీలం కండువా కప్పకూడదు. అతిథుల స్టాండ్‌లో కూర్చొని ఢిల్లీ ఫుల్‌బ్యాక్ వెనక్కి పరుగెత్తి వస్తాడో లేదో చూస్తాను. రాకపోతే మాత్రం పాత అలవాటు కొద్దీ తెలుగులోనే తిడతాను.